మీకు తెలుసా? స్టెంట్ పడ్డాక మొదలయ్యే వైద్యం

ఒక్క పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలని మీకు తెలుసా? ముడులు కట్టి రంగులద్దే ముందు నూలును వరస కొయ్యల చుట్టూ పోగు తప్పకుండా పేర్చాలి. ఒక్క చీరకే నాలుగైదు గంటలు పడుతుంది. ఇళ్లల్లో ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని ఇది. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే మనిషి చేయి పొద్దుగూకే సరికి పాతిక కిలోమీటర్ల దాకా తిరిగినట్టు లెక్క.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆసు పోసే అమ్మకో, మగ్గం గుంటలో కూర్చునే నాయనకో గుండెపోటు వచ్చిందనుకోండి. 108లో తీసుకెళ్లారు, ఆంజియో చేశారు, స్టెంట్ వేశారు, నాలుగు రోజులకు ఇంటికి పంపారు. మళ్లీ పనిలో ఎప్పుడు కూర్చోవాలి? ఎంతసేపు కూర్చోవాలి? చేయి ఆడిస్తుంటే ఆయాసం వస్తే అది మామూలేనా? రాసిచ్చిన గోళీల్లో ఏది మానకూడదు? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చే వైద్యం ఒకటుంది. దాని పేరు కార్డియాక్ రీహాబిలిటేషన్. గుండె పునరావాసం అని పత్రికల్లో రాస్తుంటాం. స్టెంట్ మాట తెలియని ఊరు మన దగ్గర లేదు. ఈ మాట తెలిసిన ఊరిని మాత్రం వెతుక్కోవాలి. అందుకే ఈసారి ‘మీకు తెలుసా?’ మొత్తం దానికే కేటాయించాం.

చేతి పని వేరు, కాలి పని వేరు

ఒకే బరువు పనిని కాళ్లతో చేసినప్పటి కంటే చేతులతో చేసినప్పుడు గుండె వేగం, బీపీ ఎక్కువగా పెరుగుతాయి. చేతి కండరాలు చిన్నవి. అవి బిగుసుకున్నప్పుడు వాటిలోకి రక్తం పంపడానికి గుండె ఎక్కువ ఒత్తిడితో కొట్టుకోవాలి. కాబట్టి రోజూ హాయిగా నడవగలుగుతున్న పేషెంటు ఆసు పోయడానికీ, నాడె తాడు లాగడానికీ, పేకను దగ్గరికి కొట్టడానికీ సిద్ధంగా ఉన్నట్టే అనుకోకూడదు. బైపాస్ అయినవారికి ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కోసి కలిపిన రొమ్ము ఎముక గట్టిపడటానికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. ఆలోగా బలంగా లాగే పని, బరువులెత్తే పని వద్దంటారు.

రీహాబ్ తెలిసిన నిపుణులు పేషెంటును ముందుగా అడిగేది ‘మీరేం పని చేస్తారు?’ అని. వ్యాయామాన్ని ఆ పనికి తగ్గట్టుగా పెంచుకుంటూ పోతారు. గుమాస్తాకు, నేత కార్మికుడికి ఒకే చీటీ రాసిస్తే చాలదు.

ఈ విషయంలో పోచంపల్లి ప్రాంతం చేతిలో ఒక సొంత యంత్రం కూడా ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి ఆసు పోస్తూ భుజం నొప్పితో పడే అవస్థ చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం తయారు చేశారు. దానికి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అని అమ్మ పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. భుజాల కోసం పుట్టిన యంత్రమే అయినా, గుండెపోటు తర్వాత పనికి తిరిగి రావాల్సిన మనిషికి అంత మేలు చేసే సాధనం ఈ ప్రాంతంలో మరొకటి ఉండదని నా నమ్మకం. గుండె వైద్యంలో టెక్నాలజీ అనగానే లక్షల రూపాయల పరికరాలే గుర్తొస్తాయి గానీ, చేతి శ్రమను తప్పించిన ఈ యంత్రమూ ఆ లెక్కలోకే వస్తుంది.

ఒకప్పుడు మంచం దిగనిచ్చేవారు కాదు

గుండెపోటు వచ్చినవారిని ఒకప్పుడు ఆరు వారాల పాటు మంచం మీదే పడుకోబెట్టేవారని తెలుసా? అన్నం కూడా ఎవరో ఒకరు తినిపించాల్సిందే. అలా కదలకుండా పడుకోవడం వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి కొందరు చనిపోయేవారు. అమెరికాలో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లోన్ అనే డాక్టర్లు పేషెంట్లను తొలి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి చూశారు. 81 మందికి అలా చేసి 1952లో ఫలితాలు ప్రకటించారు. ఆ కుర్చీతోనే పాత పద్ధతికి కాలం చెల్లడం మొదలైంది.

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. ఆయనకు వైద్యం చేసిన పాల్ డడ్లీ వైట్, నడక మంచిదని ఊరూవాడా చెప్పిన డాక్టరు. అధ్యక్షుడు కోలుకుని పనిలోకి వచ్చి, మరుసటి ఏడాది ఎన్నికల్లో మళ్లీ గెలిచారు. ‘గుండెపోటు వస్తే ఇక మనిషి పనికిరాడు’ అన్న మాటకు అంతకంటే గట్టి జవాబు అప్పట్లో దొరకలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 18వ శతాబ్దంలో విలియం హెబర్డెన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు కనిపిస్తాడు. ఛాతీ నొప్పితో బాధపడే ఒక పేషెంటు రోజూ అరగంట కట్టె కోస్తూ కోస్తూ దాదాపు నయం చేసుకున్నాడని ఆయన రాసిపెట్టాడు. స్టెంటూ లేదు, స్టాటినూ లేదు. రోజూ కొద్దికొద్దిగా శ్రమ చేశాడంతే.

బలం ఎంత?

వ్యాయామం ప్రధానంగా సాగే రీహాబ్ వల్ల గుండె జబ్బు మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. మళ్లీ ఆసుపత్రి పాలు కావడం కూడా తగ్గుతుంది. అంత మేలు చేసే మందు గోళీ రూపంలో వచ్చి ఉంటే ప్రతి మెడికల్ షాపులోనూ అమ్మేవారు. కానీ ప్రపంచంలో 203 దేశాలను లెక్కలోకి తీసుకుంటే 111 దేశాల్లోనే గుండె రీహాబ్ ఏదో ఒక మేరకు ఉందని 2019లో వెలువడిన సర్వే తేల్చింది. మన దేశంలో ఉన్న కేంద్రాలూ దాదాపుగా పెద్ద నగరాల పెద్ద ఆసుపత్రుల్లోనివే.

మనకే ఎక్కువ అవసరం కూడా. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53వ ఏటే వస్తోంది. మిగతా దేశాల వారికి అది 58 దాటాక వస్తుంది. 53 ఏళ్లంటే మగ్గం మీద ఇంకా పదేళ్లు నేయగల వయసు. పెళ్లి కావాల్సిన పిల్లలూ, తీరని అప్పులూ ఉండే వయసు.

వారానికి మూడు సార్లు పట్నం ఎవరు వెళ్తారు?

అమెరికాలో పేరున్న పద్ధతి ప్రకారం రీహాబ్ అంటే 12 వారాల్లో 36 సార్లు కేంద్రానికి వెళ్లడం. పోచంపల్లి నుంచి హైదరాబాద్ సుమారు 45 కిలోమీటర్లు. వారానికి మూడు రోజులు పట్నం వెళ్లాలంటే బస్సు ఛార్జీలు ఒక ఖర్చు. వెంట వచ్చే మనిషి కూలి ఇంకో ఖర్చు. మగ్గం ఆగిన రోజుకు మజూరీ లేదు. దగ్గర్లోని బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది, 2019 నుంచి అక్కడ వైద్య విద్యార్థులూ చదువుతున్నారు. అది ఈ ప్రాంతానికి పెద్ద బలమే. అయినా ఎంత దగ్గరి ఆసుపత్రికైనా 36 సార్లు తిరగడం పని చేసుకుని బతికే కుటుంబానికి కష్టం. ఫోన్ అక్కరకొచ్చేది ఇక్కడే.

ఇంట్లోనే చేసే రీహాబ్, కేంద్రంలో చేసే రీహాబ్ ఫలితాల్లో దాదాపు సమానమని ఇరవైకి పైగా ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. ఆస్ట్రేలియాలో గుండెపోటు వచ్చిన 120 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు కేంద్రానికి వెళ్లింది. రెండో జట్టు స్మార్ట్‌ఫోన్‌తో ఇంటి నుంచే చేసింది. ఫోన్ అడుగులు లెక్కపెడుతుంది, బరువు, బీపీ వివరాలు అందులో నమోదు చేస్తారు, వారం వారం ఒక నిపుణుడు ఫోన్ చేసి మాట్లాడతాడు. కోర్సు చివరిదాకా పూర్తి చేసినవారు కేంద్రం జట్టులో 47 శాతం, ఫోన్ జట్టులో 80 శాతం. 2014లో వచ్చిన ఫలితమిది. తర్వాత న్యూజిలాండ్‌లో 162 మంది మీద చేసిన ప్రయోగంలో, ఒంటికి తగిలించిన సెన్సర్‌తో ఇంటి దగ్గర వ్యాయామం చేయించి దూరం నుంచే కనిపెట్టినా శరీర సామర్థ్యం కేంద్రంలో చేసినవారికి తీసిపోలేదు. ఖర్చూ తగ్గింది.

స్మార్ట్‌ఫోన్ లేని ఇంటి సంగతేమిటి? సిడ్నీలో 710 మంది గుండె పేషెంట్లను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఆరు నెలల పాటు వారానికి నాలుగు మామూలు ఎస్ఎంఎస్‌లు పంపారు. ఏం తినాలి, ఎలా నడవాలి, సిగరెట్ ఎలా మానాలి అనే చిన్న చిన్న మాటలే. ఆరు నెలలయ్యాక చూస్తే మెసేజీలు అందినవారిలో పొగతాగేవారు 26 శాతం, అందనివారిలో 43 శాతం. పై బీపీ కూడా సగటున 8 పాయింట్లు తక్కువగా ఉంది. బటన్ల ఫోన్‌కూ చేరే వైద్యం ఇది. అదే తెలుగులో, చదవలేనివారికి వినిపించే గొంతుగా, ‘పొద్దున గోళీ వేసుకున్నవా?’ అని పలకరించేలా వస్తే మన ఊళ్లలో ఎందుకు పనిచేయదు? మన ప్రభుత్వాసుపత్రులు వెంటనే మొదలుపెట్టదగ్గ పని ఇదేనని గట్టిగా చెబుతాను. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు.

టెలీ వైద్యానికి నూరేళ్లు దాటాయి

దూరం నుంచి గుండెను కనిపెట్టడం ఇవాళ్టి ఆలోచన కాదు. ఈసీజీ యంత్రాన్ని రూపొందించిన డచ్ శాస్త్రవేత్త ఐంథోవెన్ 1905లోనే లైడెన్ ఆసుపత్రిలోని పేషెంటు ఈసీజీని టెలిఫోన్ తీగ మీదుగా కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించాడు. ఎందుకంటే ఆయన యంత్రం బరువు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు కావాలి. దాన్ని పేషెంటు దగ్గరికి మోసుకుపోలేక గుండె సంకేతాన్నే యంత్రం దగ్గరికి తెప్పించారు. 1940లలో నార్మన్ హోల్టర్ తయారుచేసిన తొలి ‘మోసుకెళ్లే’ గుండె రికార్డరును వీపుకు కట్టుకోవాలి. దాని బరువు సుమారు 38 కిలోలు. ఇవాళ హోల్టర్ పరీక్ష అంటే జేబులో పట్టే డబ్బా.

తెలుగు నేల మీద ఈ కథ చిత్తూరు జిల్లా అరగొండలో మొదలైంది. అపోలో వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి సొంత ఊరు అది. 2000 మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ అక్కడి టెలీమెడిసిన్ కేంద్రాన్ని ఉపగ్రహ లింకు ద్వారా ప్రారంభించారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా 108 మొదలైంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలి అడుగు పడిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి, అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. పేదవాడి గుండె ఆపరేషన్‌కు డబ్బు అడ్డు కాకూడదన్న మాట అక్కడ మొదలై, తెలంగాణలో 2023 డిసెంబరు 9న పది లక్షల పరిమితి దాకా వచ్చింది. అంబులెన్స్ వచ్చింది, ఆపరేషన్ వచ్చింది. ఇంటికొచ్చాక చేయి పట్టుకుని నడిపించే మూడో మెట్టే ఇంకా కట్టాల్సి ఉంది.

ట్యాబ్ ఒక్కటే చాలదని గోదావరి చెప్పింది

పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చేసిన స్మార్ట్‌హెల్త్ ప్రయోగం ప్రతి ఆరోగ్య అధికారీ చదవాల్సింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి బీపీ చూసి, వివరాలు నమోదు చేస్తే ఎవరి గుండెకు ముప్పు ఎక్కువో ట్యాబ్ లెక్కగట్టి చెప్పేది. ఆశాలు ఆ పని చక్కగా చేశారు. వేల మందిని గుర్తించారు. కానీ 2019లో వచ్చిన ఫలితాల్లో, బీపీ అదుపులోకి రావడంలో ట్యాబ్ అందిన ఊళ్లకూ అందని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీన్ని ఓటమిగా చూడనక్కర్లేదు. ముప్పు ఉందని చెప్పే యంత్రం ఒక సగం. ఆ మాట విన్నాక డాక్టరు మందు రాయాలి, ఆ మందు ఆరోగ్య కేంద్రంలో దొరకాలి, నెలనెలా ఆగకుండా అందాలి, మనిషి దాన్ని వేసుకోవాలి. ఫోన్‌తో రీహాబ్ నడపాలనుకునే ఎవరికైనా ఇదే హెచ్చరిక. యాప్ వెనక మందుల అలమార ఖాళీగా ఉంటే యాప్ ఎంత బాగున్నా ప్రయోజనం లేదు.

నాలుగు మందులు, ఒకే గోళీ

టెక్నాలజీ అంటే తెర ఉన్న వస్తువే కానక్కర్లేదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందు, రెండు బీపీ మందులు కలిపి ఒకే గోళీగా హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ తయారుచేసింది. దాన్ని భారత్‌లోనూ, యూరప్‌లోని మూడు దేశాల్లోనూ కలిపి 2,004 మంది మీద పరీక్షించారు. విడివిడిగా మందులు వాడినవారిలో 65 శాతం మంది క్రమం తప్పకుండా వేసుకుంటే, ఒకే గోళీ వాడినవారిలో 86 శాతం మంది వేసుకున్నారు. 2013లో వెలువడిన ఫలితం అది. ఇలాంటి కలిపిన గోళీలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

గోళీల గురించి ఒక్క మాట ఇంకా చెప్పాలి. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు కలిపి ఇస్తారు. గుండెపోటు వచ్చినవారికి మామూలుగా ఏడాది దాకా. ‘ఇప్పుడు బాగానే ఉంది కదా’ అని మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే గడ్డ ఏర్పడి మళ్లీ గుండెపోటు రావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా, వేరే ఆపరేషన్ ఏదైనా ఉన్నా ముందు గుండె డాక్టర్ని అడగండి. ఎవరో చెప్పారని మానొద్దు. ఫోన్‌లో రోజూ ఒకే వేళకు అలారం పెట్టుకోవడం వీటన్నిటిలోకీ చవకైన సాయం.

చేతి గడియారం చెప్పేదంతా వేదం కాదు

స్మార్ట్‌వాచ్ అడుగున పచ్చటి వెలుగు మినుకుమినుకుమంటుంటుంది. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరుగుతుంది, తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి వాచీ గుండె వేగం చూపిస్తుంది. నడకకు అది మంచి తోడే. ఎక్కడ పొరపడతామో కూడా తెలిసుండాలి.

వ్యాయామంలో గుండె వేగం ఎంతదాకా వెళ్లవచ్చో తెలుసుకోవడానికి 220లోంచి వయసు తీసేయమని చాలా యాప్‌లు చెబుతాయి. గుండెపోటు వచ్చినవారిలో చాలామంది మెటోప్రొలాల్ వంటి మందు వాడుతుంటారు. ఆ మందు పనే గుండె వేగాన్ని తగ్గించడం. అలాంటి మనిషి 220 లెక్క పట్టుకుని ‘ఇంకా 120 దాటలేదు’ అంటూ పరుగు పెంచితే ప్రమాదం. ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీ పరీక్ష చేసి డాక్టరు చెప్పిన అంకెనే పట్టించుకోవాలి. లేదంటే మాట పరీక్ష చాలు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది సరైన వేగం. మాట కూడా రాకపోతే తగ్గించాలి.

ఇక అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది: మణికట్టు వాచీలు తీసే ఒక్క లీడు ఈసీజీ గుండె లయ తప్పడాన్ని కొంతవరకు పట్టుకోగలదు గానీ గుండెపోటును పట్టుకోలేదు. ఛాతీ బిగపట్టి చెమటలు పోస్తుంటే, వాచీ ‘అంతా మామూలే’ అని చూపించినా నమ్మొద్దు.

రంగులద్దే చేతులకు ఒక ప్రత్యేక సూచన. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఎర్రని, పరారుణ కాంతిని వేలి గుండా పంపి ఆక్సిజన్ లెక్కిస్తుంది. ముదురు రంగు నెయిల్ పాలిష్, గోరింటాకు ఉంటే అంకె తప్పుగా రావచ్చని తెలిసిందే. రోజంతా రంగు తొట్లలో నూలు ముంచి తీసే వేళ్ల గోళ్లకు, చర్మానికి అంటిన నీలం, నలుపు రంగులూ అలాంటి తప్పే చేయగలవు. చేయి బాగా కడుక్కుని, రంగు తక్కువ అంటిన వేలికి పెట్టి చూడండి. చలికి వేలు చల్లబడి ఉంటే కాస్త రుద్ది వెచ్చబడనివ్వండి.

ఇంట్లో బీపీ చూసుకోవడానికి మణికట్టు మిషన్ కంటే దండ చేతికి పట్టీ కట్టేదే మేలు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే మీట నొక్కాలి. మగ్గం మీంచి లేచిన వెంటనే, టీ తాగిన వెంటనే చూస్తే అంకె ఎక్కువే వస్తుంది. కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది. వచ్చిన అంకెను తేదీతో సహా రాసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాతిసారి డాక్టరుకు అదే మంచి చిట్టా.

పదివేల అడుగుల పుట్టుక

రోజుకు పదివేల అడుగులు వేయాలన్న అంకె పరిశోధన నుంచి రాలేదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి ‘పదివేల అడుగుల మీటరు’ అనే పేరుతో ఒక పరికరాన్ని అమ్మింది. ఆ అంకె అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది. పెద్ద వయసు ఆడవాళ్లు 16 వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనంలో రోజుకు 2,700 అడుగులు వేసినవారి కంటే 4,400 అడుగులు వేసినవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. గుండెపోటు నుంచి లేచిన మనిషి పదివేలు చేరలేదని దిగులుపడాల్సిన పని లేదు. డాక్టరు సరేనన్నాక ఐదు పది నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం కొన్ని నిమిషాలు పెంచుకుంటే చాలు.

నడక పోచంపల్లికి కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి కాలినడకనే వచ్చారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచి నిలబడిన ఆ రోజుతోనే ఊరి పేరు ముందు ‘భూదాన్’ చేరింది. అప్పటికి వినోబా వయసు 55. తర్వాత పదమూడేళ్లకు పైగా దేశమంతా నడుస్తూనే ఉన్నారు.

యోగాకు ఏం తేలింది?

‘నడక సరే, యోగా చేస్తే?’ అని చాలామంది అడుగుతారు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద యోగా-కేర్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. మూడు నెలల్లో 13 తరగతులు చెప్పి, ఇంట్లో సాధన చేయించారు. మరణాలు, మళ్లీ గుండెపోటు వంటివి కచ్చితంగా తగ్గాయని తేలలేదు. ఆరోగ్యం మెరుగైందని పేషెంట్లు మాత్రం చెప్పారు. గుండెపోటుకు ముందు చేసుకునే పనులకు తిరిగి వెళ్లడంలో యోగా జట్టు ముందుంది. యంత్రాలు లేకుండా, చాప ఒక్కటి పరిచి చేసే పద్ధతికి ఇది చిన్న ఫలితం కాదు. మందులు మానేసి చేయమని మాత్రం ఆ ప్రయోగం ఎక్కడా చెప్పలేదు.

ఎవరూ అడగని మాట

గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి తీవ్రమైన కుంగుబాటు వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని ‘కోపం ఎక్కువైంది’, ‘ఎవరితో మాట్లాడడు’, ‘రాత్రి పడుకోడు’ అని చెబుతారు తప్ప జబ్బు అనుకోరు. కుంగిపోయిన మనిషి గోళీలు మానేస్తాడు, నడక మానేస్తాడు. మంచి రీహాబ్‌లో మనసు గురించి అడగడం కూడా తప్పనిసరి భాగం. ఇక్కడా ఫోన్ అందుబాటులో ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు డబ్బులు లేకుండా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. గుండె పేషెంటు తరఫున భార్యో, కొడుకో చేసినా తప్పు లేదు.

ఇంటికి పంపే రోజున

మీ ఇంట్లో ఎవరికైనా స్టెంట్ పడినా, బైపాస్ అయినా డిశ్చార్జి రోజున తొందరపడి బండెక్కకండి. ‘మాకు రీహాబ్ ఎక్కడ? ఇంటి దగ్గరే చేయాలంటే ఎలా? వారానికోసారి ఫోన్‌లో ఎవరు మాట్లాడతారు?’ అని నోరు తెరిచి అడగండి. మీ పని ఏమిటో డాక్టరుకు వివరంగా చెప్పండి. ఆసు పోస్తారో, మగ్గం నేస్తారో, రంగులద్దుతారో, రోజుకు ఎన్ని గంటలో చెప్పి, ఎప్పుడు ఎంత మొదలుపెట్టాలో రాయించుకోండి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మీ ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఫాలోఅప్ ప్యాకేజీ వర్తిస్తుందేమో కనుక్కోండి. వర్తిస్తే తర్వాతి పరీక్షలకు, మందులకు జేబులోంచి పెట్టుకునే బాధ తగ్గుతుంది. డిశ్చార్జి కాగితం, ఆంజియో రిపోర్టు, పాత ఈసీజీ ఫొటోలు తీసి పేషెంటు ఫోన్‌లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి. అర్ధరాత్రి వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడి డాక్టరుకు ముందుగా కావాల్సింది అవే. 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకున్నవారు రికార్డులు దానికి జతచేసుకోవచ్చు.

నడిచేటప్పుడు గానీ, ఆసు దగ్గర గానీ ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, తల తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆపి కూర్చోండి. నాలుక కింద పెట్టుకునే గోళీ డాక్టరు రాసిచ్చి ఉంటే ఆయన చెప్పినట్టు వాడండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే యాప్‌లు తెరవకండి, గ్యాస్ అనుకుని సోడా తాగకండి. 108కి ఫోన్ చేయండి.